పేరులో మొదటి ముక్క

నాకు కొండమీది స్వామి పేరు పెట్టారు. తిరుపతిలో ఆ పేరు పెట్టి పిలిస్తే ఏ ఆఫీసులోనైనా నలుగురు తల తిప్పుతారు. ఆ సంగతి తెలియనివాడెవడో కంప్యూటర్లో రాసిన ఫంక్షన్, అంటే ఓ చిన్న కోడ్ ముక్క, నా ఉద్యోగానికే ఎసరు పెట్టింది.

నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకుంటాను. సిబ్బందిలో ఎవరు ఏ రికార్డు తెరవవచ్చో చెప్పే డైరెక్టరీ మా సెక్షన్ చేతిలో ఉంటుంది. ఒకరోజు పొద్దున పిల్లల డాక్టరమ్మ ఓపీలో కూర్చుంటే ఒక్క రికార్డూ తెరుచుకోలేదు. డైరెక్టరీలో ఆమె ఎంట్రీయే లేదు. ఆస్పత్రి మేనేజరు నన్ను పిలిచి తెర చూపించాడు. ఆ ఎంట్రీ తీసేసిందెవరు అన్నచోట నా పేరుంది. ఆ పేరుగలవాణ్ణి మా సెక్షన్‌లో నేనొక్కణ్ణే.

"ఎందుకు తీసేసినావప్పా? సాయంత్రంలోపల చెప్పు. లేదంటే రేపట్నుంచి రావద్దు."

నేను కాదు మొర్రో అన్నా ఎవరూ నమ్మలేదు. అసలే ఇంటికి తాళం వేసి మళ్లీ మళ్లీ లాగి చూసే రకాన్ని. ఆరోజు అందరినీ అనుమానించాను. పక్క సీటువాడు టీ తెచ్చిస్తే, ఇవాళే వీడికి ఇంత ప్రేమ ఎందుకు పొంగిందో అనుకున్నాను. మనుషులందరూ అయ్యాక తెర మిగిలింది. అది మాత్రం నిజం చెబుతోందని ఏమిటి నమ్మకం? దాని వెనకున్న కోడ్ తెరిచాను.

డైరెక్టరీలో ఎంట్రీ పూర్తి పేరు పోస్టు కవరు మీద అడ్రసులా ఉంటుంది. ముందు మనిషి, తర్వాత సెక్షన్, ఆ తర్వాత బ్రాంచి, చివర సంస్థ. చూడ్డానికి ముచ్చటగా ఉండాలని కాబోలు, ఈ ఫంక్షన్ ఆ పేరును ముక్కలు చేసి, మొదటిది ఉంచుకుని మిగతావన్నీ పారేస్తోంది. నాకు ఒళ్లు మండింది. పేరు కోయకుండా మొత్తం చూపించేలా మార్చాను. నా పేరే వచ్చింది. దాని వెనక చిత్తూరు బ్రాంచి ఉంది.

అక్కడ నా పేరుతోనే ఇంకొకాయన నా పనే చేస్తాడు, డైరెక్టరీ రెండు బ్రాంచీలకూ ఒకటే. ఫోన్ చేశాను.

"నేనే తీసినానన్నా," అన్నాడు తడుముకోకుండా. "ఆయమ్మ మానేసింది, తీసేయమని మీ మేనేజరే ఫోన్ చేసినాడు. కావాలంటే అడుగుపో."

డ్యూటీల దగ్గర డాక్టరమ్మకూ మేనేజరుకూ గొడవైన మాట నిజమే. అయినా నమ్మబుద్ధి కాలేదు. దొరికిపోయినవాడు ఇంకొకరి మీదికి తోయడం మామూలే కదా. పొద్దున నన్నూ ఎవరూ నమ్మలేదని గుర్తొచ్చి సిగ్గేసింది, అనుమానం మాత్రం పోలేదు.

సాయంత్రం మేనేజరు గదిలో, డాక్టరమ్మ ఎదురుగా, పూర్తి పేరు తెర మీద పెట్టాను. ఫోన్ సంగతి చెప్పలేదు. మేనేజరు నా భుజం తట్టాడు.

"వాణ్ణి రేపే పంపించేద్దాం. నువ్వు కాదని నాకు ముందే తెలుసులేప్పా."

నాకు భయమేసింది. పొద్దున నన్ను రావద్దన్నది ఈయనే.

"ఎట్ల తెలుసు సార్?" అన్నాను.

డాక్టరమ్మ తెర మీంచి చూపు తిప్పి ఆయన్ని చూసింది. ఆయన నన్ను కంప్యూటరు ఆపేసి ఇంటికి పొమ్మన్నాడు. నేను ఆపలేదు. సెల్‌ఫోన్ తీసి చిత్తూరుకు కలిపి, స్పీకరు పెట్టి టేబుల్ మీద ఉంచాను.

"ఇందాక నాకు చెప్పిందే మళ్లీ చెప్పప్పా," అన్నాను. "సార్ ఈడనే ఉండాడు."