నీడకు జరిపిన చెప్పులు

తాళాల బాబాయ్ అంటే మా ఫ్యాక్టరీలో తెలియనివారు లేరు. జ్యూసు తీయగా మిగిలిన పళ్ల తొక్కలు, పిప్పి మా దగ్గరికి తొట్లలో వస్తాయి. వాటిని మందపాటి గోడల గదిలోకి పంపి, తలుపు మూసి, బాబాయ్ బయట యంత్రం తాళం తిప్పుతాడు. నీళ్ల గుంటలో మునిగి ఉన్న కడ్డీలు పైకి లేస్తాయి. వాటి కిరణాలు సోకితే ఎంత మొండి తొక్కైనా నలిగి పొడైపోతుంది. ఆ పొడిని పులియబెట్టి గ్యాస్ తీస్తారు. తొక్కనే అలా చేసేది మనిషిని ఏం చేస్తుందో ఎవరూ పైకి అనేవారు కాదు.

అందుకే తాళం తిప్పేముందు ఆయన గదిలో మలుపు మలుపూ తిరిగి, లోపల ఎవరూ లేరని చూసుకునేవాడు. పదకొండేళ్లు అలాగే గడిచాయి. ఈ ఏడాది మోకాళ్లు మొరాయించాయి. ఆయన కుంటడం చూడలేక గది ఊడ్చే ఆవిడే ఉపాయం చెప్పింది.

"నీకెందుకు బాబాయ్ ఆ తిప్పలు? నా చెప్పులు గుమ్మంలో ఉంటే నేను లోపలున్నట్టు. లేకపోతే లేనట్టు."

మంచి మనసుతోనే అంది. ఆయన సరేనన్నాడు.

ఆ మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. గుమ్మంలో చెప్పులు లేవు. బాబాయ్ తలుపు మూసి, దేవుడికి దండం పెట్టుకుని తాళం తిప్పాడు. ఎర్రదీపం వెలిగింది. ఆ మందపాటి గోడల లోపల హెచ్చరిక గంట కూడా మోగే ఉంటుంది, బయటికి వినపడదు. కడ్డీలు నీళ్లు దాటడానికి నిమిషంన్నర పడుతుంది.

అంతలో వాచ్‌మన్ మంచినీళ్ల సీసా తెచ్చిచ్చాడు. అడక్కుండానే అందరి అవసరం కనిపెట్టే మనిషి. పాపం, ఊడ్చే ఆవిడ చెప్పులు ఎండకు కాలిపోతున్నాయని తన బల్ల కింద నీడలో పెట్టాడట. ఆవిడ బయటికొస్తే ఆ మాట చెప్పమన్నాడు.

సీసా జారిపడింది. బాబాయ్ అరచేత్తో కడ్డీలను ఆపే ఎర్రమీట గుద్దాడు. కడ్డీలింకా నీళ్లలోనే ఉన్నాయని మీటరు ముల్లు చూపింది. అది అడుగుకు దిగేదాకా ఆయన మీట మీంచి చెయ్యి తీయలేదు.

తలుపు తీస్తే, ఆవిడ చీపురు దులుపుకుంటూ నిదానంగా వచ్చింది.

"గంట మోగితే పరుగెత్తుకు రావద్దూ అమ్మా?"

"ఏ గంట బాబాయ్?"

ఆయన లోపలికెళ్లి చూశాడు. గంట తుప్పు పట్టి గోడకు అతుక్కుపోయింది. ఎన్నాళ్లయిందో! అది మోగాల్సిన వేళల్లో లోపల మనిషంటూ ఉంటే కదా తెలిసేది.

వాచ్‌మన్ కళ్లు తుడుచుకుంటూ చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ల ముందు పెట్టాడు. బాబాయ్ తాళంచెవిని మెడలో వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. బయటే ఆగిపోయిన తొట్ల మీద ఈగలు ముసురుతున్నాయి. గేటు దగ్గర మేనేజరుగారి జీపు హారన్ కొట్టింది. బాబాయ్ లేవలేదు.