అత్తమ్మ కథకు ఊ కొట్టినవాణ్ణి

మా అత్తమ్మ చెప్పే కథలో రాజులు యుద్ధాలకు పోరు, ఎవరూ చచ్చిపోరు. ఒక ముసలామె మేక మెడలోంచి గంట ఎక్కడో జారిపోతుంది. ఆమె దాన్ని వెతుక్కుంటూ పోతుంది. అంతే. ఆ గంట దొరికేలోగా మా పాప నిద్రపోయేది.

అప్పుడు మేం భూపాలపల్లిలో ఉండేవాళ్ళం. నాది జనగామ, పత్రిక పని మీద అక్కడికి వెళ్ళాను. నా భార్యది మహబూబాబాద్. వాళ్ళు మానుకోట అనే అంటారు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న కాలం. సమ్మెతో బస్సులు డిపోలు దాటడం లేదు, జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండుకుంటున్నారు. నాలుగేళ్ళ మా పాపకు అదంతా జాతర. పగలంతా డప్పుల వెంట తిరిగి, పడుకునే వేళకు పక్క మీద లేచి కూర్చుని "జై తెలంగాణ" అని అరిచేది. తల్లి పక్కన లేనిదే కన్ను మూసేది కాదు.

సరిగ్గా అప్పుడే నా భార్యకు ఒక చిన్న దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చింది. చదువు ముగించిన ఎన్నో ఏళ్ళకు దొరికిన మొదటి ఉద్యోగం అది. మొదట సాయంత్రం డ్యూటీలు, నెల గడిచాక రాత్రివి. రాత్రులు రాలేనంటే ఉద్యోగం ఉండదు. పాపను చూసుకోవడానికి వస్తానన్న అత్తమ్మ బస్సుల్లేక మానుకోటలోనే ఆగిపోయింది. నిద్రపుచ్చే పని నా మీద పడింది.

ఆమె డ్యూటీలో చేరడానికి ముందు రోజు నేనొక కథ చెప్పి చూశాను. "ఘనపూర్ అడవిలో పులి చచ్చిపోయింది" అని మొదలుపెట్టాను. పాప లేచి కూర్చుంది.

"ఎవలు సంపిండ్రు బాపూ? ఎందుకు సంపిండ్రు? దానికి పిల్లలున్నయా?"

ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే ఉండాలని పత్రికలో నేర్చుకున్నవాణ్ణి. వంటింట్లోంచి నా భార్య నవ్వింది.

"పేపర్ల రాసినట్టే చెప్తున్నవు గదా! పులి సచ్చిందని ముందుగాలనే అంటే పిల్ల ఎట్ల పండుకుంటది? రేపటి సంది మా అమ్మకు ఫోన్ జెయ్, గామెనే చెప్తది."

అలా మొదలైంది ఫోన్ కథ. స్పీకర్ పెట్టి సెల్‌ఫోన్‌ను దిండు పక్కన ఉంచేవాణ్ణి.

"పోయింది, పోయింది... పోంగ పోంగ వాగు అడ్డమొచ్చింది. వాగూ వాగూ, మా మేక గంట జూసినవా?"

"ఊ" అనేది పాప.

కథ వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగితే చెప్పేవాళ్ళూ ఆగిపోతారు. అత్తమ్మ ఆ ఊ వింటూనే కథ నడిపేది. అది చురుగ్గా వస్తే ముసలామెను గబగబా నడిపించేది. మెత్తబడిందా, వాగును వెడల్పు చేసేది, దారిని సాగదీసేది, గొంతు దించేది. కంటికి కనిపించని పిల్ల రెప్పలు వాలడాన్ని మానుకోటలో కూర్చుని చెవితో పట్టుకునేది. ఉద్యోగరీత్యా ఎన్నో ఉపన్యాసాలు విని రాశాను. ఎదుటివాళ్ళను అంత శ్రద్ధగా వింటూ మాట్లాడిన మనిషిని మాత్రం నేను చూడలేదు.

చిక్కంతా పాప నిద్రపోయాకే. ఊ ఆగిపోగానే, "బిడ్డా... హలో! లైన్ పోయిందా?" అని ఆమె గొంతు పెంచేది. పాప ఉలిక్కిపడేది. ఫోన్ కట్ చేస్తే మళ్ళీ చేసేది, ఆ రింగుకు పాప లేచేది, కథ మొదటికొచ్చేది. "పండుకున్నది అత్తమ్మా" అని నేనొక్క మాట అంటే సరిపోయేది. కానీ పెళ్ళయినప్పటి నుంచి మేమిద్దరం నేరుగా మాట్లాడుకున్నది లేదు. కోపాలేమీ లేవు. వాళ్ళింట్లో అత్త అల్లుడి ఎదుట పడదు, అంతే. భోజనాల దగ్గర తలుపు చాటు నుంచి, "అల్లున్ని ఇంకింత కూర ఏసుకొమ్మను" అనేది. పక్కన ఎవరూ లేకపోతే ఆ మాట గోడకు చెప్పేది.

ఒకరోజు ఇక తోచక, పాప గొంతులా సన్నగా "ఊ" అన్నాను. ముసలామె వాగు దాటింది. నేను మరో ఊ కొట్టాను. చింతకొమ్మకు వేలాడుతూ గంట దొరికేదాకా కొడుతూనే ఉన్నాను.

మర్నాడు నా భార్య నవ్వాపుకుంటూ వచ్చింది. "మా అమ్మ పరేషాన్ అయితున్నది. పిల్ల గొంతు గంత బొంగురు పోయిందేంది, సర్ది జేసిందా అని అడిగింది."

ఆ సాయంత్రం నుంచి, పాప నిద్రపోయాక, కథలోకి ఒక అల్లుడు వచ్చి చేరాడు.

"ముసలామెకు ఒక అల్లుడుండె. పొద్దంత ఊర్లు తిరుగుతడు, యాళ్లకు తినడు. ఇయ్యాల తిన్నడో లేదో."

"ఊ" అన్నాను.

"అబద్దమాడుతుండు" అని, ఏమీ ఎరగనట్టు మళ్ళీ ముసలామెను నడిపించింది.

రాత్రి డ్యూటీలు దగ్గరపడ్డాక ఒకనాడు ఆమె ముసలామెను వాగు దగ్గర ఆపింది. "ముసలామె బిడ్డ కొలువు ఇడిసిపెట్టనంటున్నది. అల్లుడు ఏమన్న అడ్డం జెప్తడా?"

"ఊహూ" అన్నాను.

"అట్లయితే నా బిడ్డకు రంది లేదు" అంది. ఆ దిగులు తీరి ముసలామెను వాగు దాటించింది.

మొదటి రాత్రి డ్యూటీకి బయలుదేరుతూ నా భార్య గడప దగ్గర నిలబడిపోయింది. "పండుకోకపోతే ఫోన్ జెయ్, వచ్చేస్త. కొలువు పోతే పోయింది" అంది. తీరా ఆరోజే మానుకోటకు లైన్ కలవలేదు. పాప పెదవి విరిచింది. నేను పక్కన పడుకుని, పులుల జోలికి పోకుండా, "పోయింది, పోయింది..." అని మొదలుపెట్టాను.

"వాగు గాదు బాపూ, ముందు గుట్టొస్తది" అని దిద్దింది. దిద్దుతూ, ఊ కొడుతూ, వాగు దాటకముందే నిద్రపోయింది. నా భార్య తెల్లవారాకే ఇంటికి వచ్చింది.

సమ్మె ముగిసి బస్సులు తిరిగాక అత్తమ్మ వచ్చింది. ఎప్పటిలాగే తలుపు చాటున కూర్చుంది. పడుకునే వేళకు పాప కథ అడిగితే, "మీ బాపును చెప్పమను బిడ్డా, నేను వింట" అంది. ముసలామెను నేనే బయలుదేరదీశాను. గుట్ట దాటింది, వాగు వచ్చింది. పాప ఊ సన్నబడి ఆగిపోయింది. కథ ఆపబోయాను.

"ఊ" అంది అత్తమ్మ, తలుపు వెనక నుంచి.

గంట దొరికేదాకా చెప్పాను.