దవడపన్ను నొక్కితే దూకే మామ

“ఇది ఇక నడవదేమో.”

ఈ మాట మనసులోనే అనుకున్నానని నా నమ్మకం. పైకే అనేశానని మా ఆవిడ చూసిన చూపుతో తెలిసింది. మా అమ్మాయికి అప్పటికి ఏడాదిన్నర కావస్తోంది. వేలు అందిస్తే ఇల్లంతా తిరిగేది. వేలు వెనక్కి తీసుకుంటే మాత్రం, ఆఫీసులో హాజరు వేయించుకున్న గుమాస్తాలా, ఉన్నచోటే నింపాదిగా కూర్చునేది. దానికన్నా చిన్నవాళ్ళు, ఎదురింటి కవలలు, అప్పటికే చెరో వైపు పరిగెత్తి వాళ్ళ అమ్మని ఏడిపిస్తున్నారు. పిల్లల డాక్టరు కాళ్ళు వంచి, చాచి, అరికాళ్ళలో గిలిగింతలు పెట్టి చూసి, “ఏ లోపమూ లేదు, బుద్ధి పుట్టినప్పుడు నడుస్తుంది” అన్నారు. నేను ఫిజిక్సు చదువుకున్నవాణ్ణి. బుద్ధి పుట్టడాన్ని ఏ యూనిట్లలో కొలుస్తారో నాకు తెలియదు. అందుకని గోడకి గ్రాఫు కాగితం అంటించి, పిల్ల ఏ ఆధారమూ లేకుండా ఎంతసేపు నిలబడిందో చూసి రోజూ ఒక చుక్క పెట్టేవాణ్ణి. చుక్కలన్నీ కలిపితే వచ్చిన గీత నేలబారుగా ఉంది. అది కూడా కూర్చున్నట్టే ఉంది.

మా ఆవిడ తిరిగి ఉద్యోగంలో చేరే రోజు దగ్గరపడింది. నాదేమో నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని, సెలవు అడిగితే మొహం మాడ్చుకుంటారు. పగటిపూట పిల్లని చూసుకోవడానికి మా మేనత్త వస్తానని ఫోన్ చేసింది. మా ఆవిడ సంతోషంతో సరేననేసింది. నాకు మాత్రం ఉన్న భయానికి ఇంకో భయం తోడైంది. మా అత్తకి జీవితంలో బాగా వచ్చినవి రెండే రెండు. ఒకటి పళ్ళసెట్లు తయారుచేయడం. రెండోది వీడియో గేములు ఆడటం. అసలే కూర్చోవడం ఇష్టమైన పిల్ల. దాన్ని తీసుకెళ్ళి టీవీ ముందు కూర్చోబెడితే ఇక లేస్తుందా?

అత్త సంగతి కొంచెం చెప్పాలి. టీవీకి తగిలించే మొదటి గేమ్ కన్సోల్ వాళ్ళింటికి వచ్చింది నిజానికి మా నాన్న కోసం, పరీక్ష పాసైనందుకు బహుమానంగా. మా నాన్న దాన్ని ముట్టుకున్నది తక్కువ. “పై పరీక్షలున్నాయి కదా, నువ్వు చదువుకో అన్నయ్యా” అని చెల్లెలు ఎంతో ఆప్యాయంగా దాన్ని తన గదిలోకి మార్చేసింది. ఆ ఆప్యాయత గురించి ఆయన ఇప్పటికీ పళ్ళు నూరుతూ చెబుతారు. ఆ పళ్ళసెట్టు కూడా అత్త చేసిందే.

గేములన్నీ వీధి చివరి రేడియో రిపేరు దుకాణం నుంచి వచ్చేవి, ఎవరో ఆడి వదిలేసినవి. డబ్బాల మీద ఏదో దేశం లిపి ఉండేది, ఒక్క అక్షరం కూడబలుక్కోవడం కూడా ఎవరి వల్లా అయ్యేది కాదు. అందుకని పేర్లన్నీ అత్తే పెట్టుకుంది. మా కుటుంబంలో ఆ గేములని ఇప్పటికీ ఆ పేర్లతోనే పిలుస్తాం. అసలు పేర్లేమిటో తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు.

“ఊడ్చే దెయ్యం” అని ఒకటుంది. పాడుపడిన కోటలో ఒక దెయ్యం చీపురు పట్టుకుని గదులన్నీ శుభ్రం చేయాలి. మనుషులు బురదకాళ్ళతో వచ్చి తొక్కేస్తుంటారు. దెయ్యం వాళ్ళని భయపెట్టి తరమాలి, కానీ మరీ భయపెడితే వాళ్ళు పారిపోతూ పూలకుండీలు తన్నేస్తారు, మళ్ళీ ఊడవాలి. ఆ గేములో అత్తకి నచ్చింది, అందులో చావు లేదు. “చచ్చాకే కదా మొదలెట్టింది” అనేది. తన ఇల్లు మాత్రం ఆ శ్రద్ధతో ఊడ్చిన దాఖలాలు లేవు.

“అలిగిన తాబేలు” ఇంకోటి. కార్ల పందెం. తాబేలు తోలే కారుని ఎవరైనా గుద్దితే అది దిగిపోయి, రోడ్డు పక్కన అటు తిరిగి కూర్చుంటుంది. బతిమాలే బటన్ ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కుతూ ఉండాలి. మా మావయ్యని అత్త చేసుకున్నది ఈ గేము వల్లే. ఆయన బస్సుల వర్క్‌షాపులో మెకానిక్. మొదటిసారి మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు చేతికి రెండో కంట్రోలర్ ఇస్తే, ఏ బటన్ దేనికని అడక్కుండా ఆడి, చిత్తుగా ఓడిపోయి, నవ్వాడట. ఆ నవ్వు చూసి ఒప్పుకున్నానని అత్త అంటుంది. పెళ్ళయ్యాక ఓడినప్పుడల్లా అటు తిరిగి కూర్చుంటున్నాడని, ఈ మనిషికి బతిమాలే బటన్ ఎక్కడుందో ఇంతవరకూ దొరకలేదని కూడా అంటుంది.

అన్నింటికన్నా ఇష్టమైనది “మేడమెట్ల మామ”. నిద్రబట్టలు వేసుకున్న ఒక బట్టతల మనిషి, తప్పిపోయిన పిల్లిని వెతుక్కుంటూ పెద్ద మేడ ఎక్కుతుంటాడు. ఒక్కో అంతస్తులో ఒక్కో తంటా. బట్టల తీగలు, విరిగిన మెట్లు, కోపిష్టి పావురాలు. అత్త చిన్నప్పుడు ఒక వేసవంతా కష్టపడి మామని పైకప్పుదాకా చేర్చిందట. అక్కడ పిల్లి లేదు. తెర మీద మామ ఇల్లు కనిపించింది. పిల్లి ఎప్పుడో దానంతటది ఇంటికొచ్చేసి మామ మంచం మీద నిద్రపోతోంది. గేము అయిపోయింది. అత్త అప్పుడు నవ్విన నవ్వుకి పక్క గదిలో చదువుకుంటున్న మా నాన్న పరిగెత్తుకొచ్చారట. అప్పట్నుంచి ఆ మామని ఎన్నిసార్లు పైకి ఎక్కించిందో, ఎన్నిసార్లు అదే నవ్వు నవ్విందో.

ఇన్నేళ్ళు నొక్కితే ఏ బటనైనా అరిగిపోతుంది. ఆ కంట్రోలర్లు ఇప్పుడెక్కడా దొరకవు. అత్త పళ్ళడాక్టరు వెనకగదిలో పని చేసేది. అచ్చుల సుద్ద, మైనం, చిగుళ్ళకి వాడే గులాబీ రంగు ముద్ద, పళ్ళ డబ్బాలు, అన్నీ చేతికింద ఉండేవి. ఒక్కో బటన్ ఊడిపోయినప్పుడల్లా దాని బదులు ఒక పన్ను బిగించింది. అంచులకి చిగుళ్ళ ముద్ద పూసి నున్నగా మెరుగు పెట్టింది. ఆ కంట్రోలరు ఇప్పుడు మనల్ని చూసి నవ్వుతున్నట్టుంటుంది. కోరపన్ను నొక్కితే పరుగు. ముందుపన్ను నొక్కితే వంగడం. దవడపన్ను నొక్కితే దూకడం.

ఆ నవ్వే వస్తువుతోనే అత్త మా ఇంటికి వచ్చింది. ఒక సంచీలో బట్టలు, రెండు సంచుల్లో వైర్లు. పిల్ల కంట్రోలర్ని చూసీ చూడగానే లాక్కుని నోట్లో పెట్టుకుంది. దానికి పళ్ళు వస్తున్న రోజులు. నేను అడ్డం పడి, ఆ పదార్థం ఏమిటి, అందులో ఏ రసాయనాలు కలుస్తాయి, లాలాజలం తగిలితే ఏమవుతుంది అని వరసగా అడిగాను.

“ఒరేయ్, నోట్లో పెట్టుకోడానికే చేస్తార్రా దాన్ని” అంది అత్త.

మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం పళ్ళన్నీ ఒక్కొక్కటీ పట్టకారుతో లాగి, ఊడి రావని నిర్ధారించుకున్నాకే పిల్ల చేతికిచ్చాను.

నేను భయపడినట్టు అత్త పిల్లని టీవీ ముందు కూర్చోబెట్టలేదు. పిల్ల నిద్రపోయినప్పుడే ఆడుకునేది. మెలకువగా ఉన్నప్పుడు పప్పు తినిపించేది, గుడ్డలు మడతపెట్టేది, పిల్లని “రెండో ప్లేయర్” అని పిలిచి ప్రతి పనికీ సలహా అడిగేది. పిల్ల కూర్చునే సలహాలిచ్చేది. గ్రాఫు మీద చుక్క పెట్టమని అత్తని పొద్దున్నే బతిమాలి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం వచ్చి చూస్తే చుక్కకి బదులు పిల్లిబొమ్మ ఉండేది.

దాంతో శిక్షణ నేనే మొదలుపెట్టాను. ల్యాబు నుంచి రాగానే పిల్ల చంకల కింద చేతులు పెట్టి, హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించేవాణ్ణి. దానికి మోకాళ్ళ తొడుగులు, తలకి మెత్తటి టోపీ. బల్లల మూలలకి స్పాంజి. అత్త సోఫాలోంచి చాలాసేపు చూసి, “దాన్ని నడిపిస్తున్నావా, ఇస్త్రీకి ఇవ్వడానికి మోసుకెళ్తున్నావా?” అని అడిగింది. నేను దవడలు బిగించి, పిల్లని ఇంకోసారి ఆ చివరకి నడిపించాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త బలవంతంగా నన్ను టీవీ ముందు కూర్చోబెట్టింది. మా ఆవిడ వరండాలో బట్టలు ఆరేస్తోంది. పిల్ల వీధిగుమ్మం దగ్గర నా బూట్లతో ఆడుకుంటోంది. మేడమెట్ల మామ అప్పుడు పావురాల అంతస్తులో ఉన్నాడు. ఒక పిట్టగోడ మీంచి, మధ్యలో గుంట దాటి, ఇంకో పిట్టగోడ మీదకి దూకాలి. నేను కాసేపు తెరని చూసి, ఇది గాల్లోకి విసిరిన వస్తువు దారే కదా, ఇంత వేగం, ఇంత కోణం, అని అత్తకి వివరించాను. అత్త శ్రద్ధగా విన్నది. మామ పడిపోయాడు. పావురాలు తల మీద తన్నడాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. మళ్ళీ దూకించాను, మళ్ళీ పడ్డాడు. బొటనవేలు తెల్లబడేదాకా దవడపన్ను నొక్కాను. మామ అంతే ఎత్తు లేచి, అంతే వినయంగా గుంటలోకి వెళ్ళిపోయాడు.

“ఇలా ఇవ్వు” అని అత్త లాక్కుంది. ఆవిడా పడిపోయింది. వైరు బాగాలేదంది. టీవీలో వెలుతురు ఎక్కువైందంది. నేను పక్కన కూర్చుని ఊపిరి తీసుకోవడం వల్లే అంది. ఈలోగా ఫోన్ మోగితే చెవికి పెట్టుకుని, “గుంటలో ఉన్నాను, తర్వాత చేస్తాను” అని పెట్టేసింది. అవతలివాళ్ళు ఎంత కంగారుపడ్డారో తెలియదు. మామ దూకినప్పుడల్లా ఇద్దరం కుడిపక్కకి ఒరుగుతున్నాం, మేం ఒరిగితే ఆయనా ఇంకాస్త ముందుకి పడతాడన్నట్టు. నా చదువు ఆ ఒరగడాన్ని ఏమాత్రం ఆపలేకపోయింది.

మామ చివరికి అవతలి పిట్టగోడ అంచు పట్టుకుని వేలాడాడు. సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఖాళీ బకెట్‌తో లోపలికొచ్చి ఆగిపోయింది.

“దీన్ని టీవీ దగ్గరికి ఎవరు తీసుకొచ్చారు?” అంది.

చూస్తే పిల్ల టీవీ బల్ల పక్కన నిలబడి ఉంది. రెండు చేతుల్తో నా బూటుని పొట్టకి అదుముకుని ఉంది. ఆ బూటుని కన్సోల్ మీద పెట్టి, పెట్టిన చోటు నచ్చక, కొంచెం పక్కకి జరిపింది.

ఎవరూ తీసుకురాలేదు. పాకి వచ్చిందనుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. బూటు అడుగున మట్టి ఉంది, నేల మీద మాత్రం ఎక్కడా ఈడ్చిన చార లేదు. అంటే మోసుకొచ్చింది. అంటే నడిచింది. గుమ్మం నుంచి హాలంతా దాటి, మా ఇద్దరి ముందు నుంచే నడిచి వచ్చింది. ఆ నడక కోసం రోజులతరబడి కెమెరా జేబులో పెట్టుకుని తిరిగినవాణ్ణి నేను. ఆ సమయంలో నిద్రబట్టల్లో ఉన్న ఒక బట్టతల మనిషి కోసం పక్కకి ఒరిగి ఉన్నాను.

ఇద్దరు పెద్దవాళ్ళు టీవీకి అతుక్కుపోయి పిల్లని గమనించలేదని మా ఆవిడ చాలా మర్యాదగా అంది. అత్త ముందుపన్ను నొక్కి, వేలాడుతున్న మామ చేతనే తల వంచించింది, తనకి బదులుగా.

నేను వెంటనే మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ చాచి, “అమ్మా, ఇంకొక్కసారి, రా తల్లీ, నాన్న దగ్గరికి రా” అన్నాను. పిల్ల నా మొహంలోకి చూసింది. అక్కడ ఏం కనిపించిందో గానీ, మోకాళ్ళు మడిచి నింపాదిగా కూర్చుంది. “రా అమ్మా” అని ఇంకా గట్టిగా పిలిచాను. అది బూటు లేసు నమలడం మొదలుపెట్టింది.

అత్త కంట్రోలర్ పక్కన పెట్టింది.

“ఒరేయ్, ఇలా చూడు. బటన్ గట్టిగా నొక్కితే మామ ఎత్తుకు దూకడు. ఎంత నొక్కినా అంతే దూకుతాడు. మధ్యలో అరిగేది నీ పళ్ళు. నువ్వు వేలితోపాటు దవడ కూడా బిగించి నొక్కుతావు, పిల్లని నడిపించేటప్పుడూ అంతే, నేను వచ్చిన రోజు నుంచీ చూస్తున్నా. అలా బిగించేవాళ్ళందరూ చివరికి నా దగ్గరికే వస్తారు, సెట్టు కట్టించుకోడానికి. పైపళ్ళకీ కిందిపళ్ళకీ మధ్య కాస్త సందుంచు. వేలు వదులుగా పెట్టు. పిల్ల సంగతి పిల్ల చూసుకుంటుంది.”

నేను నోరు కొంచెం తెరిచాను. చెంపల దగ్గర ఏదో సడలినట్టయింది, అంతకాలం అక్కడ నొప్పి ఉందనే నాకు తెలియదు. లేచి సోఫాలో కూర్చుని కంట్రోలర్ తీసుకున్నాను. మామ ఇంకా పిట్టగోడ పట్టుకుని వేలాడుతున్నాడు. ఈసారి దవడపన్ను మీద బొటనవేలు ఊరికే ఆనించి నొక్కాను. ఆయన ఎక్కాడా పడ్డాడా నాకు తెలియదు. ఎందుకంటే పిల్ల లేచింది. బూటు వదిలేసి, రెండు చేతులూ తూకం చూస్తున్నట్టు చాచి, తప్పటడుగులు వేస్తూ హాలు దాటి వచ్చి, నా చేతిలోంచి ఆ నవ్వే వస్తువుని లాక్కుని, దవడపన్ను నోట్లో పెట్టుకుంది. కెమెరా జేబులోనే ఉండిపోయింది. మా ఆవిడ బకెట్ కింద పెట్టడం మర్చిపోయింది.

గ్రాఫు ఇప్పుడు గోడ మీద లేదు. దాని మీద అత్త ఎన్ని పిల్లిబొమ్మలు వేసిందో చూసి మా ఆవిడ దాన్ని దాచుకుంది. అమ్మాయి ఇప్పుడు నడవడం లేదు, పరిగెడుతోంది. సోఫా ఎక్కుతోంది, అక్కడి నుంచి కిటికీ గట్టు వైపు చూస్తోంది. పార్కులో జారుడుబల్ల పైన నిలబడి చేతులు వదిలేస్తోంది. నేను కింద ఉంటాను. చేతులు సిద్ధంగానే ఉంచుకుంటాను, వేళ్ళు మాత్రం వదులుగా. పైపళ్ళకీ కిందిపళ్ళకీ మధ్య కాస్త సందుంచుతాను.