పాతరలో నిలవని కాగడా

మా వీధిలో ఎవరికి గాలి సోకిందన్నా మొదట నవ్వేది నేనే. వేపమండలు పట్టుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. టేపు పెట్టి కొలిస్తేనే నమ్ముతాను, కంటితో చూసి సరిపోతుందిలే అంటే నమ్మను. ఇది ఇంకొకరికి జరిగి నాకు చెప్పి ఉంటే వాళ్ల ముఖం మీదే నవ్వేదాన్ని.

మాది కంబదూరు దగ్గర ఒక పల్లె. ఇంట్లో నేను, మా ఆయన ఓబులేసు, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి హర్షిత. బెంగళూరులో పనిచేసే మా తమ్ముడు కొత్త గేమ్ బాక్సు కొనుక్కుని, పాతది పాపకు ఇచ్చాడు. టీవీకి తగిలించి ఆడుకునేది. అందులో ఒక ఆట ఉంది. మట్టి, రాయి, చెక్క, అన్నీ చదరపు దిమ్మెలే. తవ్వుకోవచ్చు, పేర్చుకోవచ్చు, ఇష్టమొచ్చినట్టు ఇల్లు కట్టుకోవచ్చు.

పాప ఆడుతుంటే మొదట తిట్టాను. తర్వాత పక్కన కూర్చున్నాను. చివరికి పాప బడికి పోగానే నేనే ఆడటం మొదలుపెట్టాను. మా ఊళ్లో ఎండాకాలం పొద్దున పది దాటితే కుక్క కూడా వీధిలోకి రాదు, ఇక జాకెట్లు కుట్టమని ఎవరొస్తారు?

"ఇంత వయసొచ్చి బొమ్మరిల్లు కట్టుకుంటాండావా?" అని మా ఆయన ఒకటే ఎగతాళి.

ఆ ఎండాకాలం కొళాయికి నీళ్లు రావడం బాగా తగ్గిపోయింది. ట్యాంకరు వచ్చిందంటే బిందెలతో కొట్లాట. అప్పుడు మా ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. మా పెరట్లో ఒక పాత పాతర ఉంది. జొన్నలు, రాగులు దాచుకోవడానికి వెనకటివాళ్లు భూమిలో తవ్వి, చుట్టూ రాళ్లు కట్టిన గుంత. పైన మనిషి పట్టేంత మూతి, లోపల కుండలాగా వెడల్పు. నేను కాపురానికి రాకముందే దాని మీద బండ వేసి, మట్టి కప్పి వదిలేశారు. దాన్ని శుభ్రం చేసి, సిమెంటు పూసి, మిద్దె మీద పడే వాన నీళ్లను అందులోకి మళ్లిద్దామన్నాడు.

పైపు ఎటునుంచి ఎటు పోవాలో ఆయన నోటితో చెబితే నాకు ఎక్కలేదు. అందుకని ఆటలో మా ఇల్లే కట్టాను. వాకిలి, వంటిల్లు, పెరడు టేపుతో కొలిచి, అడుగుకో దిమ్మె చొప్పున పేర్చాను. పాతర లోపలికి నేను ఎప్పుడూ తొంగి చూడలేదు. రెండు నిలువుల లోతని వాళ్లమ్మ, అంటే చనిపోయిన మా అత్త, చెప్పిందట. ఆ లెక్కనే తవ్వాను.

ఆ ఆటలో చీకటి ఉన్నచోట దయ్యాలు పుడతాయి. పుట్టకుండా గోడకు కాగడాలు గుచ్చాలి. ఒకసారి గుచ్చితే, మనం పీకేదాకా అవి వెలుగుతూనే ఉంటాయి. పాతర గోడకు పైనుంచి అడుగుదాకా గుచ్చాను.

మరునాడు చూస్తే పైవి వెలుగుతున్నాయి. కిందివి లేవు.

హర్షిత పీకిందనుకుని నిలదీశాను. అది నన్నే దబాయించింది. "నేను ముట్టుకోలేదు మా. ఈ ఆట్లో కాగడా దానంతట అది ఆరదు. ఎవురన్నా పీకాల."

దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే మళ్లీ గుచ్చాను. ఇద్దరం చూస్తుండగానే అడుగు వరస పోయింది. తర్వాత దాని పైది. అలా సగం దాకా వచ్చి ఆగిపోయింది. పై సగం వెలుగు, కింది సగం చీకటి.

నాది కుట్టుపని బుద్ధి, తప్పు ఎక్కడుందో పట్టుకునేదాకా వదలను. గోడ దిమ్మెలు ఊడలేదు. నీళ్లు చేరలేదు. పెరటి ఇంకో మూల అచ్చం అలాంటి గుంతే తవ్వి కాగడాలు పెట్టాను. అక్కడ ఒక్కటీ ఆరలేదు. ఆటే చెడిపోయి ఉంటుందంది హర్షిత. అంతే అయ్యుంటుందని నేనూ సరిపెట్టుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున మా ఆయన, పక్కింటి నాగప్పన్న కలిసి గడ్డపారలతో పాతర బండ పక్కకు దొర్లించారు. నేను మిషన్ మీద ఉన్నాను. శబ్దం విని పెరట్లోకి వచ్చేసరికి ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని, నిచ్చెన దించి, ఒక కాలు మూతిలో పెట్టేశాడు. అప్పుడే తెర మీద చూసిన ఆ కింది సగం నా కళ్లముందు కదిలింది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు మామా! ముందు దీపం దించి సూడు."

"ఏమ్మే, నీ బొమ్మలాట్లో దీపం ఆరిపోతే ఈడ నేను దిగొద్దా?"

"నవ్వుకో. దీపం దిగినంకే నువ్వు దిగు."

దీపం అనే మాట నా నోటికి ఎలా వచ్చిందో తెలియదు. పాతర తెరిచినప్పుడు అలా చేయాలని అత్త ఎప్పుడైనా అని ఉండొచ్చు. విన్నట్టు మాత్రం నాకు గుర్తులేదు.

దేవుడి గూట్లోంచి ప్రమిద తెచ్చి, వెలిగించి, బొక్కెనలో పెట్టి తాడుతో దించాను. మూతి దగ్గర బాగానే వెలిగింది. సగం లోతు దిగాక మంట చిన్నదై ఆరిపోయింది. పైకి లాగి మళ్లీ వెలిగించి దించాను. మళ్లీ అక్కడే ఆరింది. తాడుకు ఆ చోట ముడి వేసి టేపుతో కొలిచాను. ఆటలో కాగడాలు ఆగిన లోతూ అదే. అడుగు కూడా తేడా లేదు.

నాగప్పన్న తల పట్టుకున్నాడు. "పాతర గాలి ఓబులేసూ! లోపల గింజలు, పొట్టు కుళ్లి గాలి సెడిపోయి ఉంటాది. మర్సేపోయినా సూడు. దిగింటే అరిసేదానికి గూడా టైం ఉండదప్పా."

మా ఆయన బండ మీద కూలబడ్డాడు. ఇంకో నాలుగు కుట్లు మిషన్ దగ్గరే కూర్చుని వేసి ఉంటే ఆ మనిషి నాకు ఉండేవాడు కాదు. గోడకానుకుని గట్టిగా ఏడ్చాను.

పాతరను తెరిచి వదిలేసి, రోజూ దీపం దించి చూశాం. అడుగుదాకా ఆరకుండా వెలిగిన రోజున, నేను వెళ్లి ఆటలో కూడా అడుగున కాగడా గుచ్చాను. నిలిచింది. ఈ రోజుకూ వెలుగుతూనే ఉంది.

డిస్కులో లోపమని తమ్ముడంటాడు. ఉండొచ్చు. మరి ఆ ఒక్క గుంతలోనే, అంత లోతులోనే ఎందుకు? ఎప్పుడో విన్న మాట లోలోపల మెదిలిందనుకుందామా? మనసు నన్ను భయపెట్టగలదు కానీ తెర మీది కాగడాను ఆర్పలేదు కదా. చనిపోయిన వాళ్లమ్మే చేసిందంటాడు మా ఆయన. నేను అలా అనను. ఏమనాలో కూడా నాకు తెలియదు.

ఆ పాతరే ఇప్పుడు మా వాన నీళ్ల సంపు; ఈ ఏడు వానలకు ముందు దాన్ని కడగడానికి మళ్లీ మూత తీశాం. దీపం అడుగు తాకినా నిబ్బరంగా వెలిగింది. అయినా మా ఆయన నిచ్చెన పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఆట్లో గూడా ఒగసారి సూసి రాపో" అన్నాడు.

ఆయన నవ్వడం లేదు. నేనూ నవ్వలేదు. లోపలికి వెళ్లి టీవీ పెట్టాను.