కరుణమ్మ గుర్తుపట్టిన శవం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. అప్పుడు నేను రాజోలు వైపు ఒక స్టేషన్‌లో మహిళా హెడ్ కానిస్టేబుల్‌ని. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ గోదావరిలో ఆడమనిషి శవం దొరికిందంటే నాకే పిలుపు వచ్చేది. ఇన్‌క్వెస్ట్‌లో, అంటే శవాన్ని పరీక్షించి ఒంటిమీది గుర్తులు రాసుకునే విచారణలో, గుడ్డ తొలగించే పని నాది.

అలా శవం దొరికినప్పుడల్లా కరుణమ్మకూ కబురు పంపేవాళ్లం. ఆమెది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. కొబ్బరికాయలు ఒలిచే పని. భర్త లేడు. ఒక్కతే కూతురు సుజాత, కొన్నేళ్ల కిందట అమలాపురంలో బట్టలకొట్టు పనికని బస్సెక్కి, మళ్లీ రాలేదు. మిస్సింగ్ కేసు కట్టాం. ఫోన్ రికార్డులు తీశాం, బస్టాండుల్లో ఫొటోలు అంటించాం, హైదరాబాదు దాకా వెళ్లొచ్చాం. ఏమీ తేలలేదు.

కబురందగానే కరుణమ్మ వచ్చేది. ఒక్కసారి చూసి "మా పిల్ల కాదండి" అనేది. బయటికెళ్లి గోడకానుకుని కూలబడి ఏడ్చేది. ఆ ఏడుపులో కొంత ఊరట ఉండేది.

ఆ ఏడాది వరద తీశాక రేవు దగ్గర ఇంకో శవం దొరికింది. మొహం పోల్చుకునేలా లేదు. కరుణమ్మ ఈసారి చాలాసేపు చూసింది.

"ఆయ్, మా సుజాతేనండి" అంది.

ఎస్సైగారు హమ్మయ్య అన్నట్టు నావైపు చూశారు. నాకు మనసొప్పలేదు. సుజాత ఎడమ మోచెయ్యి చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. ఈ శవానికి రెండు చేతులూ తిన్నగా ఉన్నాయి. ఆమెను బయటికి తీసుకెళ్లి బల్లమీద కూర్చోబెట్టాను.

"కరుణమ్మగారూ, అమ్మాయి చెయ్యి వంకరని మీరే చెప్పేరు కదండీ."

"చెప్పేనండి."

"మరి?"

కొంగు వేళ్లకు చుట్టుకుంది. "ఇంక కాదనే ఓపిక లేదండి. ఈ పిల్లకీ ఎవరూ రాలేదు కదా. మా చర్చి సమాధుల దొడ్లో పెట్టుకుంటాను. పువ్వులెట్టుకోడానికి నాకో చోటుంటది. అవునని రాసేద్దురూ, మీకేం పోద్దండి?"

"రాస్తే సుజాతని వెతకడం ఆగిపోద్దమ్మా. రేపు ఈ పిల్ల తాలూకు ఎవరైనా వస్తే ఏం చెప్తాం?"

ఆమె తలెత్తి నన్ను చూసింది. "ఇప్పుడు వెతుకుతున్నారేంటండి?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆ ఫైలు ఎవరూ తెరవక అప్పటికి చాలా నెలలైంది.

ఎస్సైగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. శవాన్ని గుర్తుతెలియని మనిషిగానే పూడ్చారు. కరుణమ్మ దూరంగా నిలబడి ప్రార్థన చేసుకుని వెళ్లిపోయింది. తర్వాత ఎన్ని కబుర్లు పంపినా రాలేదు. కొన్నాళ్లకు జ్వరంతో పోయిందని తెలిసింది.

నిజం చెబితే ఎవరో ఒకరికి మేలు జరుగుతుందని నమ్మి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ఆరోజు చెప్పింది నిజమే. మళ్లీ అడిగినా అదే చెబుతాను. దానివల్ల సుజాత దొరకలేదు, ఆ పేరు తెలియని పిల్ల కోసం ఎవరూ రాలేదు, కరుణమ్మకు కూర్చుని ఏడవడానికి ఒక సమాధైనా మిగల్లేదు. కాగితాల్లో సుజాత కేసు ఇంకా నడుస్తూనే ఉంది. రేపు సుజాత దొరికినా, కబురందుకోవడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు.