నల్లమాడలో నేర్చుకున్న మంచు పని

మా చిన్నమ్మ కూతురు పద్మ నాకంటే చిన్నది. ఇద్దరం బెంగళూరు విమానాశ్రయంలో గ్రౌండ్ స్టాఫ్‌గా చేరాం. పోయిన చలికాలం కాశ్మీరులో విమానాల మీద మంచు తీయించే పనికి ఇద్దరం దరఖాస్తు పెడితే ఆమెను తీసుకున్నారు, నన్ను తీసుకోలేదు. ఆమె మంచులో దిగిన ఫొటో పెట్టినప్పుడల్లా నాకు కడుపు మండేది. ఈ ఏడు ఒక్క ఖాళీ పడింది. బుధవారం ఇంటర్వ్యూ. పద్మ సెలవు మీద వాళ్ల ఊరు నల్లమాడ వచ్చిందని తెలిసి, సిగ్గు చంపుకుని ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

బాగేపల్లి, గోరంట్ల మీదుగా కదిరి చేరడానికి నాలుగు గంటలు పట్టింది. టికెట్ మూడు వందల లోపే. దారి పొడవునా ఎండిన చెరువులు, వాడిపోయిన వేరుశనగ చేలు. కదిరిలో షేర్ ఆటో ఎక్కాను.

"యాడికి పోవల్లక్కా?" అన్నాడు డ్రైవరు.

"నల్లమాడ."

"ఇమానాలకు మంచు తీసే పాపోళ్ల ఊరికా? ఆయమ్మ మా ఆటోలోనే పోయింది."

నేనూ విమానాశ్రయంలోనే పని చేస్తానని చెప్పాలనిపించింది. అడిగితే కదా.

చిన్నమ్మ సంగటి, నంజుకోవడానికి వేరుశనగ ఊరిబిండి పెట్టింది. తింటూనే పద్మను పని గురించి అడిగాను.

"రెండు బండ్లు చెరో రెక్క మీద మంచు కరిగించే వేడి మందు కొడతాయక్కా. నేను హెడ్‌సెట్ పెట్టుకోని పైలట్‌తో మాట్లాడతాంటా. రెండు బండ్లూ ఎనక్కి పోయినాయని డ్రైవర్లు చెప్పినాకే పైలట్‌ను కదలమనల్ల."

మందు పనిచేసేది కొంతసేపే. ఆ గడువు దాటినా మంచు పడుతూనే ఉంటే విమానాన్ని ఆపి మళ్లీ మొదటి నుంచి కొట్టించాలి. పోయినేడు ఇంటర్వ్యూలో నేను దెబ్బతిన్నది ఇక్కడే. మంచు పట్టిన చోట మాత్రం కొట్టిస్తే చాలన్నాను.

"నాకూ మొదట్లో నోరు రాలేదక్కా," అంది పద్మ. "బిందెడు నీళ్లు మూడు పనులకు వాడినోళ్లం. అంత మందు నేల పాలైతాంటే ఇంకోసారి కొట్టమని ఎట్ల అనేది? పైలటే అడిగినాడు. మా ఆఫీసరు బాగా తిట్టినాడు. నిన్నూ అదే అడుగుతారు. మళ్లీ కొట్టిస్తానని చెప్పు."

ఆమె తిట్లు తిన్నదని వినగానే నాకు లోపల హాయిగా అనిపించింది.

సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి చిన్నమ్మ వచ్చింది. "మీ ఇద్దరిలో ఎవరికొచ్చినా మనకే గదా," అంది.

"ఇద్దరిలోనా?"

"పద్మా పోతాంది గదా బుదారం. ఏటా కొత్తగా తీసుకుంటారంట."

ఆ ఒక్క ఖాళీ పోయినేడు పద్మ చేసిన ఉద్యోగమే. అది తెలిసే నాకు అన్నీ చెప్పింది. ఇంటర్వ్యూలో హెడ్‌సెట్ పరీక్ష కూడా పెడతారని నేను ఆఫీసులో విన్నాను. ఆ మాట ఆమె దగ్గర ఎత్తలేదు. గోరంట్ల దాటాక ఉండబట్టలేక ఫోన్ చేసి చెప్పేశాను.

"తెలుసక్కా," అంది పద్మ. "నీకు చెప్పడం మర్చిపోయినా. హిందీలో అడుగుతారు, చూసుకోని పో."

కుళ్లు తగ్గుతుందనుకుని నేను వెళ్లలేదు, తగ్గనూ లేదు. ఇన్నాళ్లూ ఆమె ఉద్యోగం చూసి కుళ్లుకున్నాను, ఇప్పుడు ఆమె మనసు చూసి కుళ్లుకుంటున్నాను. మొదటిదే నయం, దానికి ఇంటర్వ్యూ అయినా ఉంది.

మీరు అటు వెళితే చీకటి పడకముందే తిరుగు బస్సు చూసుకోండి. భోజనమయ్యాక ఎవరైనా చేతుల మీద చెంబుతో నీళ్లు వంచితే వెంటనే 'చాలు' అనండి, నీళ్లకు కరువైన ఆ ఊళ్లో అది మర్యాద. మంచు పనికి పోయేవాళ్లు మాత్రం ఆ మాటను నల్లమాడలోనే వదిలేసి పోవాలి.