తెల్లపిల్లి, గుంటూరు నుంచి వచ్చిన మొక్క

నిన్న నర్సరీలో ఒకావిడ బ్రొమీలియాడ్ అనే పూలమొక్క కుండీ ముందు నిలబడి, "ఇంట్లో పిల్లి ఉందండీ, ఈ మొక్కతో ప్రమాదమా?" అని అడిగింది. నర్సరీ అతను నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "భేషుగ్గా పెంచుకోండి! ఆకు కొరికినా ఏం కాదు!" ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఏం చేయను, ఆ మొక్క కనబడితే నా నోరు ఆగదు.

రెండు వేలో, రెండు వేల ఒకటో సంవత్సరం. దర్శి దగ్గర మా మేనత్త ఇంటికి సెలవులకు వెళ్లాను. మావయ్య మిరపకాయలు అమ్మడానికి గుంటూరు వెళ్లి, తిరుగు బస్సులో ఆ మొక్కను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మిరపా పత్తీ తప్ప మరో మొక్క వంక చూడని మనిషి! నడుమ ఎర్రటి పువ్వు, చుట్టూ ఆకులు గిన్నెలా కుదురుకుని అందులో నీళ్లు నిలిచేవి. అత్తయ్య పెంచుకునే తెల్లపిల్లికి ఆ గిన్నె తెగ నచ్చేసింది. కడుపునిండా పాలు తాగినా సరే, వెళ్లి అందులో మూతి పెట్టాల్సిందే. "ఏం విషమో ఏమో, దాన్ని బయట పెట్టండి" అని అత్తయ్య ఒకటే పోరు. మావయ్య వింటేనా!

ఒకరోజు పొద్దున్నే అత్తయ్య కేక. పరుగెత్తి చూస్తే పిల్లి నోట్లోంచి చొంగ కారుతోంది, కాళ్లు వణుకుతున్నాయి. "చెప్తూనే ఉన్నా! మీ మొక్కే దాన్ని పొట్టన పెట్టుకుంటోంది!" అని అత్తయ్య ఏడుపు. మావయ్య స్కూటర్ తీశాడు. నేను పిల్లిని గంపలో పెట్టుకుని వెనకెక్కాను. అబ్బో, ఆ గతుకుల రోడ్డు మీద ఎలా వెళ్లామనుకున్నారు! "ఊపిరుందా అమ్మాయ్?" అని మావయ్య అరుపు. "ఉంది మావయ్యా, పోనివ్వు!" అని నేను.

పశువుల డాక్టరు గారు పిల్లి కళ్లు చూసి, మూతి వాసన చూశారు. "ఆ మొక్కేదో నాకు తెలీదు గానీ, ఇది పురుగుమందు వాసనండీ. దానికేమన్నా కొట్టారా?"

మావయ్య ముఖం పాలిపోయింది. "నిన్న మిరపకి కొట్టగా డబ్బా అడుగున కాస్త మిగిలిందండీ. పారబోయడమెందుకు, పురుగు పట్టకుండా ఉంటదని..." ప్రేమకొద్దీ ఆ గిన్నె నిండా కొట్టాడన్నమాట! మా వైపు ఎవరైనా అంతే చేసేవారు. మొక్కంటూ ఉన్నాక మందు కొట్టకపోతే ఎలా అనుకునే మనుషులం.

ఇంజక్షన్లు పడ్డాయి. నేను గంప పక్కనే కూలబడ్డాను. మధ్యాహ్నం దాటాక పిల్లి తలెత్తి మ్యావ్ అంది. సంతోషం పట్టలేక ఎగిరి గంతేశాను! మావయ్య మాత్రం తన చేతుల వంకే చూసుకుంటున్నాడు.

"డాక్టరు గారూ, మందు కొట్టిన రోజు నాకూ ఇట్టాగే చేతులు వణుకుతయ్యండీ. నోట్లో నీళ్లూరతయ్. ఎండదెబ్బ అనుకునేవాణ్ణి" అన్నాడు మెల్లగా.

డాక్టరు గారు చేతిలో పని ఆపేసి, "ఎన్నాళ్ల నుంచి?" అన్నారు.

పిల్లి ఒళ్లు ఒక్క పూటలో చెప్పేసింది. మావయ్య ఒళ్లు ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉంటే, ఆ ఏళ్లన్నీ మేం ఎండను తిట్టుకుంటూ గడిపేశాం.